తక్కువ ఖర్చులో 12 అడుగుల గేటు, ఒరిగిపోకుండా ఎలా చేయాలి?

ఊరికి దూరంగా మాకు చిన్న చెక్క ఇల్లు ఉంది, రోడ్డు నుంచి లోపలికి వచ్చే బండి దారికి గేటు కావాలి. వెడల్పు 12 అడుగులు. కొందామంటే మా బడ్జెట్‌కి అందట్లేదు. పోయినేడు చెక్కతో నేనే ఒకటి చేశాను, రెండు వానలకే కొస వాలిపోయి నేలకి రాసుకోవడం మొదలైంది, మట్టిలో విల్లులా గాడి పడిపోయింది, ప్రతిసారీ చేత్తో ఎత్తి మూయాల్సి వచ్చేది.

విప్పి చూస్తే తప్పు నాదే. స్తంభం అడుగున్నరే పాతాను, అది గేటు బరువుకి లోపలికి వంగింది. ఐమూలగా కొట్టిన చెక్క కూడా కింది బందు దగ్గర మొదలై గొళ్లెం వైపు పైకి వెళ్లాలి, నేను దాన్ని తిరగేసి కొట్టాను.

ఈసారి స్తంభం 3 అడుగులు పాతి చుట్టూ కాంక్రీటు పోస్తాను. ఒకటే రెక్క పెట్టాలా, 6 అడుగులవి రెండు పెట్టాలా? రెండైతే బందుల మీద బరువు తగ్గుతుంది, కానీ గట్టి స్తంభాలు రెండు కావాలి, మధ్యలో నేలలోకి దిగే గడియ కూడా. పాత ఇనుప పైపులున్నాయి, వెల్డింగ్ రాదు, బోల్టులతో బిగిస్తే వదులవుతాయా? పై బందు మూల నుంచి గొళ్లెం కింది మూలకి తీగ లాగి బిగిస్తే చాలా? చేసినవాళ్లు దయచేసి చెప్పండి, వానలు మొదలయ్యేలోపు పూర్తి చేయాలి.