జార్జి మిచెల్‌ది స్వయంకృషి అనొచ్చా?

పెన్నాతీరం:
షేల్ అనే పొరల రాతిలో చిక్కుకున్న గ్యాస్‌ను బయటికి తీయడానికి ఆద్యుడని పేరుపడ్డ జార్జి మిచెల్ కథ మొన్న మా పెద్దవాడికి చెప్పాను. తండ్రి గ్రీసులో మేకలు కాసినవాడు. 1901లో అమెరికా వచ్చి రైలు పట్టాల పనిలో చేరాడు. సవ్వాస్ పరస్కెవోపులోస్ అన్న పేరు జీతాలిచ్చే గుమాస్తాకు నోరు తిరగక, తన పేరే ‘మైక్ మిచెల్’ అని ఈయనకూ పెట్టేశాడట. తర్వాత టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్‌లో బూట్ల పాలిష్, ఇస్త్రీ కొట్టు పెట్టుకున్నాడు. జార్జి 1919లో అక్కడే పుట్టాడు. తోటి విద్యార్థులకు ఉత్తరాల కాగితాలు అమ్ముకుంటూ టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో పెట్రోలియం ఇంజినీరింగ్ చదివి, 1940లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. 2002లో ఆయన కంపెనీని డెవన్ ఎనర్జీ 300 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. ఇది స్వయంకృషి కాకపోతే ఇంకేది? మావాడేమో “ప్రభుత్వం డబ్బు కూడా ఉందటగా నాన్నా” అన్నాడు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
మీ అబ్బాయి చెప్పిందే నిజమండీ. షేల్ రాయి మీద ఫెడరల్ ప్రభుత్వం 1970ల్లోనే పరిశోధన మొదలుపెట్టింది. మామూలు పద్ధతుల్లో రాని గ్యాస్ తీసేవాళ్ళకు 1980 చట్టంతో పన్ను రాయితీ వచ్చింది. 1991లో టెక్సాస్‌లోని బార్నెట్ షేల్ అనే రాతి పొరలో మిచెల్ కంపెనీ అడ్డంగా తవ్విన మొదటి బావికి గ్యాస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సాయం అందింది. ఆ సంస్థ నడిచింది పైపులైన్ల గ్యాస్ మీద వసూలు చేసిన చిన్న సుంకంతో. అంటే పొయ్యి వెలిగించుకున్న ప్రతి ఇల్లాలి డబ్బూ అందులో ఉన్నట్టే. పైగా షికాగోకు గ్యాస్ పంపే పైపులైను కంపెనీతో ఆయనకు బజారు ధరకన్నా ఎక్కువిచ్చే దీర్ఘకాల ఒప్పందం ఉండేది. ఈత ఆయనే కొట్టాడు, కాదనను. నడుముకు సొరకాయ బుర్రలు కట్టింది మాత్రం జనం.

డెరిక్‌బాబు:
మాస్టారూ, నేను టెక్సాస్ గ్యాస్ బావుల మీద ఆరేళ్ళు పనిచేశాను. ఆ పన్ను రాయితీ ఒక్క మిచెల్‌కే ఇచ్చింది కాదు. పెద్ద పెద్ద కంపెనీలకూ ఉంది. వాళ్ళు షేల్ జోలికే రాలేదు. ఈయన 1981లో బార్నెట్‌లో మొదటి బావి తవ్వి, సొంత కంపెనీలోనే ‘ఇక చాలు’ అంటున్నా ఆపకుండా 17 ఏళ్ళు పట్టుబట్టాడు.

ఆ 17 ఏళ్ళూ జరిగిన పనేంటో చెప్తాను. మైలున్నర లోతులో రాయిని పగలగొట్టి, ఆ పగుళ్ళు మూసుకుపోకుండా ఇసుక దూర్చాలి. ఇసుక నీళ్ళలో అడుక్కి దిగిపోతుంది కదా, అందుకని నీళ్ళను గమ్ముతో జెల్‌లా చిక్కబరిచేవాళ్ళు. ఆ గమ్ము గ్వార్ గింజది, అంటే మన గోరుచిక్కుడు గింజే! బావి బావికీ దాని ఖర్చు తడిసి మోపెడయ్యేది. 1997లో ఒక బావి దగ్గర జెల్ సరిగా కలవక నీళ్ళలా పలచబడిపోయింది. అయినా గ్యాస్ బాగానే వచ్చింది. అది చూసిన యువ ఇంజినీరు నిక్ స్టైన్స్‌బర్గర్‌కు అనుమానం తగిలింది. తూర్పు టెక్సాస్ ఇసుకరాయిలో వేరే కంపెనీవాళ్ళు దాదాపు ఉత్త నీళ్ళతోనే కానిస్తున్నారని తెలిసి తనూ మొదలుపెట్టాడు. మొదట్లో కుదరలేదు. ఇసుక కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాక, 1998లో ఎస్.హెచ్. గ్రిఫిన్ నంబర్ 4 బావిలో పని అయింది. అప్పటికి మిచెల్‌కు దాదాపు 80.

నేను చేసిన చోట ఒక్క బావి తప్పితే ఇంజినీరును మార్చేసేవాళ్ళు. అన్నిసార్లు తప్పడానికి అవకాశం ఇవ్వడం ఎంత గొప్పో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఘనత ప్రభుత్వానిది కాదు, ముమ్మాటికీ మిచెల్‌దే. కానీ ఉపాయం మాత్రం స్టైన్స్‌బర్గర్‌ది. ఆ పేరు చెప్పకుండా మిచెల్ కథ చెబితే నాకు మనసొప్పదు.

చెరువుగట్టు:
ఆ బావుల పక్కన బతికినవాళ్ళ సంగతీ చెప్పండి. టెక్సాస్ వైజ్ కౌంటీలో మా తాగునీళ్ళు పాడయ్యాయని కొన్ని కుటుంబాలు ఆయన కంపెనీ మీద కేసు వేస్తే, 1996లో జ్యూరీ 20 కోట్ల డాలర్లకు పైగా ఇమ్మంది. మరుసటి ఏడు పైకోర్టు కొట్టేసింది. అయితే 2012లో ఆయనే అప్పటి న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్‌తో కలిసి ఫ్రాకింగ్‌కు, అంటే ఇలా రాయి పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతికి, గట్టి నియమాలు కావాలని పత్రికలో రాశాడు. ఆ మాట అన్నందుకు నాకు గౌరవమే. కానీ అప్పటికి కంపెనీ అమ్మి పదేళ్ళయింది. పగ్గాలు చేతిలో ఉన్నప్పుడు అని ఉంటే ఎంత బాగుండేది!

పెన్నాతీరం:
మాస్టారూ, ఆ సుంకం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. రాత్రి మావాడికి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి స్టైన్స్‌బర్గర్ పేరూ, వైజ్ కౌంటీ నీళ్ళూ కలిపి. వాడు నేరుగా వంటింట్లోకెళ్ళి గోరుచిక్కుడుకాయ ఒలిచి, గింజ వేళ్ళ మధ్య నలిపి చూశాడు.