సర్వే అంకె మన ఊరి ఓటరు దాకా వస్తుందా?

గోదారిగట్టు (భీమవరం):

మా వైపు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల మాట వినపడిందో లేదో, ఫోన్లలో వార్డులవారీ సర్వేలు తిరగడం మొదలైంది. ఏ వార్డు ఎవరిదో, ఎన్ని ఓట్ల తేడాతో పోతుందో కూడా రాసేశారు. జనం వాటిని నమ్మి పందేలు కాస్తున్నారు. అందుకే అడుగుతున్నాను. మన ఊరి ఓటరు ఏం చేస్తాడో సర్వేలు నిజంగా చెప్పగలవా?

చెప్పలేవన్నది నా మాట. 2024 మే 13న మన రాష్ట్రమంతా ఒకే రోజు ఓటేసింది. లెక్కింపుకి ముందు ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఆరా మస్తాన్ గారు వైసీపీకి 94 నుంచి 104 సీట్లన్నారు. యాక్సిస్ మై ఇండియా టీడీపీ, జనసేన, బీజేపీల కూటమికి 98 నుంచి 120 అంది. కేకే సర్వే కూటమికి 161 ఇచ్చింది. జూన్ 4న కూటమికి 164, వైసీపీకి 11 వచ్చాయి. కేకే వాళ్ళు పట్టుకున్నారు, సరే. కానీ లెక్కింపుకి ముందు రోజు ఆ మూడింటిలో ఏది నమ్మాలో తెలుసుకునే దారి మామూలు మనిషికి ఏముంది? ఓటేసినవాళ్ళని అడిగితేనే ఇంత తేడా వస్తే, నామినేషన్లు కూడా పడని వార్డు గురించి రాసిన అంకెకి విలువెంత?

లెక్కల మాస్టారు (గుంటూరు):

గోదారిగట్టు గారూ, మీరు సీట్లు పట్టుకుని సర్వేను తూస్తున్నారు. సర్వే కొలిచేది ఓట్ల శాతాన్ని. శాతాన్ని సీట్లుగా మార్చడం ఇంకో పని. తప్పులు ఎక్కువగా అక్కడే పుడతాయి.

మన రాష్ట్రం సంగతే చూడండి. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓట్లు పిసరు ఎక్కువే వచ్చినా సీట్లు సగానికి పడిపోయాయి. ఎందుకంటే అప్పుడు ఎదుటి పక్షానికి 50 శాతం, ఈసారి మూడు పార్టీలు కలవడంతో 55 శాతం. ఓడిన పార్టీ ఓటును దశాంశంతో సహా పట్టుకున్న సర్వే కూడా సీట్ల దగ్గర బోల్తా పడొచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే, 2014లో మన 13 జిల్లాల్లో కూటమికీ వైసీపీకీ మధ్య తేడా రెండు మూడు శాతానికి మించలేదు. అయినా టీడీపీ, బీజేపీ కలిసి 106 తెచ్చుకుంటే వైసీపీ 67 దగ్గర ఆగిపోయింది.

ఇక శాంపిల్. నియోజకవర్గానికి 200 మందిని అడిగితే 175 చోట్ల కలిపి 35,000 మంది. ఎంపిక సరిగ్గా జరిగితే రాష్ట్రం మొత్తానికి లెక్క ప్రకారం తేడా ఒక శాతం లోపే. అదే 200 మందితో ఒక్క నియోజకవర్గాన్ని అంచనా వేస్తే అటూ ఇటూ 7 శాతం. అంటే 45 శాతం అని రాసిన అభ్యర్థికి నిజంగా 38 ఉండొచ్చు, 52 ఉండొచ్చు. కాబట్టి మీ వార్డు సర్వే నమ్మొద్దంటే ఒప్పుకుంటాను. సర్వేలే పనికిరావంటే మాత్రం ఒప్పుకోను. తెలంగాణలో 2018లో జాతీయ ఛానళ్ళు చూపించిన సర్వేల్లో ఎక్కువ భాగం టీఆర్ఎస్ అన్నాయి, 2023లో ఎక్కువ భాగం కాంగ్రెస్ అన్నాయి. రెండుసార్లూ గాలి ఎటుందో సరిగ్గానే చెప్పాయి.

రేణుక (కామారెడ్డి):

మాస్టారూ, మీ లెక్క సమజయ్యింది. మా దిక్కు సంగతి గూడ ఇనుండ్రి. 2023ల మా కామారెడ్డిల కేసీఆర్ నిలబడ్డడు, రేవంత్ రెడ్డి నిలబడ్డడు. ఒకాయన అప్పటి ముఖ్యమంత్రి, ఇంకొకాయన ఓట్లు పడ్డంక వారం తిరగంగనే ముఖ్యమంత్రి అయిండు. ఇద్దర్ని ఓడగొట్టి బీజేపీ నుంచి కాటిపల్లి వెంకట రమణారెడ్డి గెలిచిండు. ఆయనకు 66,652, కేసీఆర్‌కు 59,911, రేవంత్ రెడ్డికి 54,916. రాష్ట్రం మొత్తంల ఆ పార్టీకి వచ్చినయి 8 సీట్లే.

రాష్ట్రం గాలి ఎటో మా ఊరోళ్ళకు తెల్వదా? తెలుసు. అయినా ఓటు వేరే లెక్క మీద వేసిన్రు. ఆ ఏడాది జనవరిల మాస్టర్ ప్లాన్ లొల్లి అయ్యింది. పంట భూములను ఇండస్ట్రియల్ జోన్ కింద, రోడ్ల కింద చూపెట్టిన్రని ఊర్లకు ఊర్లు కదిలినయి. కలెక్టరేట్ ముంగట ధర్నాలు చేసిన్రు. ఒక రైతు పానం తీసుకున్నడు. మున్సిపాలిటీ ఆ ముసాయిదా రద్దు చెయ్యాలని తీర్మానం చేసింది గానీ, అప్పటికే ఆ పొలాలోళ్ళ మనసు ఇరిగిపోయింది. ఆ లొల్లిల రైతుల ఎంబడి తిరిగింది రమణారెడ్డి. గెలుపుకు అదొక్కటే కారణమని నేను అంట లేను, గాని అది లేకుంటే ఆ ఫలితం రాకపోవు.

సర్వేకు వచ్చినోళ్ళు ‘ప్రభుత్వం పనితీరు ఎట్లుంది, ఎవరు సీఎం అయితే మంచిగుంటది’ అని అడుగుతరు. ‘నీ పొలం ఏ జోన్ల పడ్డది’ అని అడిగినోళ్ళను నేనైతే చూడలే. గదే ఎన్నికల కాంగ్రెస్‌కు రాష్ట్రంల 64 వచ్చినయి, హైదరాబాద్ జిల్లాల 15 సీట్లల్ల ఒక్కటి గూడ రాలే. గాలి ఒకటే అయితే గట్లెందుకైతది?

సాగర్ కాలువ (నరసరావుపేట):

నేను ఒక సర్వే సంస్థకి ఫీల్డులో పనిచేశాను. సంస్థ పేరు వద్దు. శాంపిల్ గురించి మాస్టారు చెప్పినదంతా నిజమే, కానీ ఆ లెక్క ఎదుటివాళ్ళు నిజం చెప్తారన్న నమ్మకం మీద నిలబడి ఉంది. ఊళ్ళో జరిగేది రాస్తాను.

చేతిలో ట్యాబ్ ఉంటుంది. ఎక్కడ నిలబడ్డామో దానికి తెలుస్తుంది, మాటలు రికార్డవుతాయి. ఈ ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళు, ఇంతమంది ఎస్సీలు, బీసీలు, ముప్ఫై లోపు వయసువాళ్ళు ఇంతమంది అని ముందే చెప్పి పంపిస్తారు. పదకొండింటికి ఊళ్ళోకి వెళ్తే పనికి పోగలవాళ్ళంతా పనికి పోయి ఉంటారు. అరుగుల మీద పెద్దవాళ్ళు, టీ బంకు దగ్గర ఏదో ఒక పార్టీ తిరుగుడు ఉన్న కుర్రాళ్ళు దొరుకుతారు. ఆడవాళ్ళ సంఖ్య నిండాలంటే ఇంటింటికీ వెళ్ళాలి, వెళ్తే ఇంటాయన బయటికి వచ్చి ఆవిడ బదులు తనే చెప్తాడు.

ప్రశ్నల వరస ఇంకో చిక్కు. మొదట ‘పింఛను వస్తోందా, అమ్మ ఒడి పడిందా’ అని ఉంటుంది. ఆ తర్వాత ‘ఓటెవరికి వేస్తారు’ అని. ఆధార్ అడగకపోయినా ఫోన్ నంబరు అడుగుతాం. ఈ వరసలో అడిగేసరికి ఆ పెద్దావిడ దృష్టిలో నేను సర్కారు మనిషిని అయిపోతాను. 2024కి ముందు యాభై ఇళ్ళకొక వాలంటీరు ఉన్న రోజులవి. ఎదురింటి గుమ్మంలో ఆ అబ్బాయి నిలబడి ఉంటే ఆవిడ నాతో ఏం చెప్తుంది? పథకం ఇచ్చినవాళ్ళ గుర్తే చెప్తుంది. నేను నొక్కుతాను. అది ఒక ‘శాంపిల్’ అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం తాళం వేసిన ఇళ్ళు. పల్నాడు, ప్రకాశం వైపు ఏ వీధిలో చూసినా నాలుగైదు ఉంటాయి. వాళ్ళు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటారు. మేం తాళం చూసి పక్క ఇంటికి వెళ్ళిపోతాం. మే 13కి వాళ్ళంతా బస్సులు, రైళ్ళు, కార్లు పట్టుకుని వచ్చారు. రాష్ట్రంలో దాదాపు 82 శాతం పోలింగ్ అయ్యింది. సర్వేలో లేని ఇల్లు ఓటర్ల జాబితాలో ఉంది.

బెజవాడ బెంజి సర్కిల్:

మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ గారి మాట ఎవరూ ఎత్తలేదేం? ఫలితాలు ముందే చెప్తారని ఆంధ్రా ఆక్టోపస్ అన్నారు ఆయన్ని. 2018 డిసెంబర్‌లో తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీలు ఉన్న ప్రజా కూటమికి పది అటూ ఇటూగా 65 సీట్లన్నారు. టీఆర్ఎస్ 88 గెలిచింది. ఐదు నెలలకి ఏపీలో టీడీపీకి 100, పది అటూ ఇటూ అన్నారు. వచ్చినవి 23. ఆ తర్వాత సర్వేలకి దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు.

నాకు కోపం ఆయన మీద కాదు. ఆ అంకెలు విని పొలం కాగితాలు పందెంలో పెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. పోలింగ్ అయిపోయేదాకా ఎగ్జిట్ పోల్స్ చూపించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్‌లో ఉంది. మీరితే రెండేళ్ళ జైలు దాకా వేయొచ్చు. కానీ పోలింగ్ ముగిశాక అరగంటకి తలుపులు తెరుస్తారు. లెక్కింపు దాకా ఉన్న ఆ రోజుల్లోనే లక్షలు చేతులు మారతాయి. నన్నడిగితే లెక్కింపు పూర్తయ్యేదాకా అన్నీ ఆపేయాలి.

బూత్ నంబర్ వన్ (తెనాలి):

ఇన్ని ట్యాబులెందుకండీ? మా బూత్ పరిధిలో వెయ్యి పైచిలుకు ఓట్లు. ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చుంటే ప్రతి పేరు పక్కనా గుర్తు పెట్టగలను. మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు, ఊగేవాళ్ళు. ఎవరింట్లో పెళ్ళికి ఎవరు వెళ్ళారో, ఎవరి చేను గట్టు తగాదా ఎక్కడిదాకా వచ్చిందో మాకు తెలుసు. స్థానిక ఎన్నికలకి ఇంతకు మించిన సర్వే లేదు.

లెక్కల మాస్టారు (గుంటూరు):

బూత్ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ అలాంటి జాబితాలు 2024లో ప్రతి పార్టీ దగ్గరా ఉన్నాయి. అప్పటి అధికార పార్టీ వైసీపీకి దానికి తోడు వాలంటీర్లున్నారు, ఎన్నికల వ్యూహాలు చూసే ఐప్యాక్ సంస్థ ఉంది. అయినా మే 16న జగన్ గారు విజయవాడ ఐప్యాక్ ఆఫీసుకి వెళ్ళి, పోయినసారి వచ్చిన 151 కంటే ఎక్కువ వస్తాయని చెప్పారు. ఇంటింటి సమాచారమంతా చేతిలో ఉన్న పార్టీకి వచ్చినవి 11. కాబట్టి దగ్గరుండి చూసినవాళ్ళకి అంతా తెలుస్తుందన్నది కూడా నిలబడదు.

అమ్మమ్మగారి ఊరు (డాలస్):

మా నాన్నగారు ఊళ్ళో పంచలో కూర్చుని స్పీకర్ పెట్టి మాట్లాడితే ఒక పార్టీ గెలుస్తుందంటారు. అదే రోజు రాత్రి మేడ మీదికి వెళ్ళి ఫోన్ చేస్తే ఇంకో పార్టీ అంటారు. పంచలో పక్కింటి బాబాయిగారు ఉంటారు, ఆయన బూత్ కమిటీలో మనిషి. మా నాన్నగారి పేరు పక్కన ఆయన ఏ గుర్తు పెట్టుకుని ఉంటారో నేను ఊహించగలను.

సాగర్ కాలువ (నరసరావుపేట):

డాలస్ గారు చెప్పినదే నేను ఫీల్డులో చూసింది. ఓటరు దాచేది మొదట తెలిసినవాళ్ళ దగ్గరే. రేపు నీళ్ళ వంతుకీ, అప్పుకీ, పంచాయితీకీ ఆ పక్కింటాయన దగ్గరికే వెళ్ళాలి. ముక్కూ ముఖం తెలియని నాలాంటివాళ్ళతో, చుట్టూ ఎవరూ లేకపోతే, ఒక్కోసారి నిజం చెప్పేస్తారు. అందుకే కొన్ని సంస్థలు నోటితో అడగడం మానేసి, గుర్తులున్న చీటీ ఇచ్చి పెట్టెలో వేయమంటాయి. ఆ పద్ధతిలో పనిచేసినచోట వచ్చిన జవాబులు, నోటితో అడిగినప్పటి జవాబులు ఒకేలా లేవు. అది నా కళ్ళతో చూశాను. కాబట్టి ఏ సర్వే గురించైనా నేను మొదట అడిగేది ఎంతమందిని అడిగారని కాదు. ఎవరు అడిగారు, ఎక్కడ నిలబెట్టి అడిగారు, పక్కన ఎవరున్నారు అని.

గోదారిగట్టు (భీమవరం):

అయితే మాస్టారూ, మావాళ్ళు తిప్పుతున్న ఆ వార్డు సర్వేలో ఎంతమందిని అడిగారో రాయలేదు. ఎవరు చేయించారో లేదు. తేదీ కూడా లేదు.

లెక్కల మాస్టారు (గుంటూరు):

అవి లేకపోతే దాన్ని సర్వే అనకండి. వార్డులో ముప్ఫై మందిని అడిగారనుకుందాం, అప్పటికీ తేడా అటూ ఇటూ 18 శాతం. అంత తేడా ఉన్నప్పుడు ఎవరు గెలుస్తారని రాసినా ఒకటే.

అయితే బెంజి సర్కిల్ గారు అన్నట్టు అన్నీ ఆపేయడానికి నేను వ్యతిరేకం. ఆపేస్తే పార్టీలు తమకోసం చేయించుకునే సర్వేలు ఆగవు, జనానికి తెలియడం మాత్రం ఆగుతుంది. అప్పుడు పందెం రాయుళ్ళకి లీకు వార్తలే ఆధారమవుతాయి. 2024 అక్టోబర్‌లో హర్యానా చూడండి. దాదాపు సర్వేలన్నీ కాంగ్రెస్ అన్నాయి, 90లో 48 గెలిచి బీజేపీ వచ్చింది. రెండు పార్టీల ఓట్ల మధ్య తేడా ఒక్క శాతం లోపు. ఆ తేడాని పట్టుకోవడం ఏ సర్వే వల్లా కాదని ఆ రాత్రి ఛానళ్ళు చెప్పి ఉండాల్సింది. సర్వే చేయడం తప్పు కాదు. తేడా శాతాన్ని దాచి, ఒకే అంకెను తెర మీద వేయడం తప్పు.

బెజవాడ బెంజి సర్కిల్:

తేడా శాతం కింద చిన్న అక్షరాల్లో వేస్తే పందెం కాసేవాడు చదువుతాడా మాస్టారూ? మీరు చదువుకున్నవాళ్ళ కోసం మాట్లాడుతున్నారు.

రేణుక (కామారెడ్డి):

బంద్ పెట్టుమని నేను గూడ అనను. రాష్ట్రం లెక్క రాష్ట్రానికి చెప్పుండ్రి, తేడా ఎంతనో గూడ చెప్పుండ్రి. గాని మా ఊరి పేరు పెట్టి అంకె రాయాలంటే మా ఊర్ల ఏం లొల్లి నడుస్తుందో ముందుగాల తెల్సుకోవాలె. సర్పంచ్ ఎన్నికలల్ల పార్టీ గుర్తే ఉండది. కత్తెర, ఉంగరం అసొంటి గుర్తుల మీద ఓటేస్తం. గప్పుడు మీరు ‘ఏ పార్టీ’ అని అడిగితే మేమేం చెప్పాలె? మా దగ్గర అడగాల్సింది ఏ వాడకు నల్లా వస్తుంది, ఏ వాడకు వస్తలేదు, పోయిన సర్పంచ్ చేయించిన సీసీ రోడ్డు ఎవరి ఇంటి ముంగట ఆగిపోయింది. బెంజి సర్కిల్ అన్నా, మీ కోపం నాకు సమజైంది, గాని పందెం సంగతి పోలీసోళ్ళు చూసుకోవాలె. మాస్టారూ, మీరు గుంటూరుల పిల్లలకు లెక్కలు చెప్తరు గద, మీ వార్డుల ముప్ఫై మందిని గిట్ల అడిగి చూడుండ్రి, నేను మా ఊర్ల అడుగుత. ఫలితాలొచ్చినంక రెండు లెక్కలు ఈడనే పెడదం.