1846 నాటి వేషాలకి చెప్పులు, తోలు సామాను: ఎవరికి ఏది సరిపోతుంది?

కేసీ కెనాల్ కుర్రోడు (కర్నూలు)

అందరికీ నమస్తే. ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వర్ధంతికి కర్నూల్లో ఊరేగింపు, ఆ తర్వాత గంటన్నర ప్రదర్శన. వేషాలు మొత్తం 24. రెడ్డి వర్గం 14 మంది, కుంపిణీ సిపాయిలు 7, తెల్లదొరలు ఇద్దరు, నవాబుల కాలపు జమేదారు ఒకడు. బట్టల పని అయిపోయింది. తోలు సామాను దగ్గర ఇరుక్కున్నాం.

1. రెడ్డి వర్గం 14 మందికీ కిర్రు చెప్పులు కుట్టించాలా?
2. సిపాయిలకి ఎన్‌సీసీ నల్ల బూట్లు చవగ్గా దొరుకుతున్నాయి. సరిపోతాయా?
3. ఎదమీద అడ్డంగా వేసుకునే తెల్ల పట్టీలు రెక్సిన్‌తో కుట్టిస్తే తెలిసిపోతుందా?
4. ఒక అంగట్లో "అసలైన తోలు" అని గోధుమరంగు ముక్క చూపించారు. మెత్తగా బాగుంది, కోసిన అంచు మాత్రం లోపల నీలం బూడిదరంగులో ఉంది. తీసుకోవచ్చా?

నడక 3 కిలోమీటర్లు, తారురోడ్డు, మధ్యాహ్నం. చెప్పులకి తలా 1500 మించి పెట్టలేం.

గుత్తికోట మెట్లు (అనంతపురం)

తమ్ముడూ, 14 జతలు ఎందుకబ్బా? ఆ డబ్బు మిగుల్చుకో. రెడ్డి వెంట నడిచినవాళ్ళలో కట్టుబడులు (ఊరి కావలి బంట్లు), బోయలు, చెంచులు ఉన్నారు. 14 మంది కాళ్ళకీ ఒకే అచ్చు చెప్పులు తొడిగితే తిరుగుబాటు దళంలా ఉండదు, పెళ్ళిబృందంలా ఉంటుంది. నేనైతే ఇట్లా పంచుతా: రెడ్డికి, ముఖ్యులు ముగ్గురికి కిర్రు చెప్పులు. ఇంకో నలుగురికి ఒంటి అట్ట (అడుగున ఒకే తోలు పొర) చెప్పులు, అవి కూడా పాతబడినట్టు, ఒకదానికి వారు (పైన ఉండే తోలు పట్టీ) తెగితే ముడేసినట్టు. గోసాయి వేషం ఉంటే పావుకోళ్ళు, వేదిక మీద మాత్రమే. మిగిలినవాళ్ళు ఒట్టికాళ్ళు. విజయనగరం చూసిపోయిన పోర్చుగీసు పాయెస్ కూడా 1520ల్లో జనం దాదాపు అందరూ ఒట్టికాళ్ళతోనే తిరుగుతారని రాసిపెట్టినాడు. మూడొందల ఏళ్ళ తర్వాత పల్లెల్లో అది పెద్దగా మారిందనుకోను. ఒట్టికాళ్ళ వేషగాళ్ళు రోడ్డు మీద మామూలు చెప్పులతో నడిచి, మైదానం గేటు దగ్గర విప్పేస్తే చాలు. తారు మీద పాదాలు కాల్చుకోమని ఏ చరిత్రా చెప్పదు.

సిపాయిలకి ఎన్‌సీసీ బూట్లు వద్దు. మద్రాసు సైన్యం సిపాయి కాలికి ఉండేది తోలు పట్టీల చెప్పే. పైన ఎర్రకోటు, తలమీద ఎత్తు టోపీ, కింద చెప్పులు. మన కంటికి వింతగా ఉంటుంది గానీ వాళ్ళ రూపం అదే. బూట్లు దొరలిద్దరికే. నల్లవి, ముందు వేళ్ళ దగ్గర కుట్టు అతుకు లేనివి, అడుగు తోలుది అయి ఉండాలి. పంట్లాం బూటు మీదికి దిగుతుంది కాబట్టి పైభాగం ఎట్లా ఉన్నా కనపడదు.

జమేదారుకి కొన తిరిగిన ముచ్చెలు సరిపోతాయి. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో దించేశారు కాబట్టి 1846లో ఆ వేషం "పాత కొలువు మనిషి"గా చూపిస్తేనే అతుకుతుంది.

తోలు గురించి ఇంకొకటి. 1806లో వేలూరులో సిపాయిలు తిరగబడటానికి ఉన్న కారణాల్లో కొత్త తలపాగా ఒకటి, దానిమీద తోలు కుచ్చు ఉండేది. కాబట్టి కంటికి బాగుందని సిపాయి టోపీకి తోలు తోకలు తగిలించొద్దు. రెడ్డి వర్గానికి మోచేతిదాకా తోలు తొడుగులు, భుజాలకి తోలు రేకులు కూడా వద్దు. అవి సినిమా వాళ్ళ మోజు. పచ్చి తోలు డాలు, నడుముకి దట్టీ, చేతిలో వడిసెల, అంతే.

ఆరె–రంపె (ధర్మవరం దగ్గర)

నాలుగో ప్రశ్నకి ముందు జవాబు: ఆ తోలు తీసుకోవద్దు. కోసిన అంచులో నీలం బూడిద గీత కనపడిందంటే అది క్రోమ్ ఊనిక, అంటే పచ్చి తోలుని క్రోమ్ ఉప్పుతో పదును చేసింది. ఆ పద్ధతికి అమెరికాలో షుల్జ్ పేటెంటు తీసుకున్నది 1884లో, మద్రాసులో చాటర్టన్ మొదలుపెట్టింది 1903లో. 1846లో మన తోలు తంగేడు చెక్కతో, తుమ్మచెక్కతో, కరక్కాయతో ఊనింది.

"చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది" అనొద్దు, తేడా పనిలోనే తెలుస్తుంది. క్రోమ్ తోలు తడిపి ఒత్తితే ఆకారం నిలవదు, అంచు రుద్దితే మెరవకుండా పీచు లేస్తుంది, అట్టగా వేస్తే స్పంజిలా ఉంటుంది.

అంగట్లోనే చేసుకునే పరీక్షలు: వెనకవైపు, అంటే గరుకువైపు, ఒక చుక్క నీళ్ళు వెయ్యి. చెట్టుచెక్కతో ఊనిన తోలు (చెక్క తోలు) నిమిషంలోపు పీల్చుకుని నల్లబడుతుంది. నున్నని వైపు వేస్తే పాలిష్ మోసం చేస్తుంది, అక్కడ వెయ్యొద్దు. రెండోది, సన్నగా ఒక ముక్క కోసి నిప్పు పెట్టు. చెక్క తోలు నిదానంగా మాడి నల్లబొగ్గై ఆరిపోతుంది. క్రోమ్‌ది బాగా కాలి, ఆకుపచ్చ తిరిగిన బూడిద మిగులుతుంది. ప్లాస్టిక్ వాసన వచ్చిందంటే అది తోలే కాదు. మూడోది ఇంట్లో: మరిగే నీళ్ళలో ముక్క వేస్తే చెక్క తోలు ముడుచుకుని గట్టిపడుతుంది, క్రోమ్ అట్లే ఉంటుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మలకి వాడే తోలు అడిగేవాళ్ళు ఉంటారు. అది ఊనని మేకతోలు, వెలుతురు పారేట్టు గీకింది. చెప్పుకి పనికిరాదు, తడిస్తే సాగుతుంది. చెక్కతో ఊనిన తోలు కావాలంటే చెన్నై పెరియమేట్‌లో చదరపు అడుగు లెక్కన దొరుకుతుంది.

కిర్రు చెప్పుకి జతకి కావలసింది: కింది అట్టకి ఎనప (గేదె) తోలు 5 నుంచి 6 మిల్లీమీటర్లు, నడిమి పొర 3, పైపొర 3, వార్లకి 2.5. ఎనిమిదో సైజు కాలికి ఒక్కో అట్ట సుమారు 27×10 సెంటీమీటర్లు. ఆరు ముక్కలు, వార్లు, వృథా కలిపి రెండున్నర నుంచి మూడు చదరపు అడుగులు. అట్టలు వీపు భాగం నుంచే కొయ్యాలి. పొట్ట తోలు చవగ్గా ఇస్తారు, వారం తిరక్కుండా సాగి ఒక పక్కకి వాలిపోతుంది.

కొలత తీసేటప్పుడు మనిషిని నిలబెట్టి, బరువు మొత్తం ఆ కాలిమీద వేయించి గీత గియ్యి. కూర్చోబెట్టి తీస్తే వెడల్పు తగ్గుతుంది. ముందు 6, పక్కలకి 4 మిల్లీమీటర్లు వదులు.

ఎక్కువగా తెగేది ఉంగటం (బొటనవేలు దూరే వారు) దగ్గర, వారు అట్టలోకి దిగే చోట. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే, లోపలికి దిగిన కొన సెంటీమీటరే ఉంటుంది. కనీసం మూడు సెంటీమీటర్లు దించి, రంపెతో (తోలు గీకే కత్తితో) కొన పలచన చేసి, పైపొరకీ దాని కింది పొరకీ మధ్య పరిచి, నాలుగు వైపులా కుట్టాలి. వారు దూరే చీలిక రెండు చివర్లా చిన్న గుండ్రటి రంధ్రం కొట్టు, లేకపోతే చీలిక అక్కడి నుంచి పాకుతుంది.

దారం నూలుది, ఆరు పోగులు, తేనెమైనం పట్టించింది. అంగుళానికి ఐదు కుట్లు. కింది అట్టకి అంచు చుట్టూ రెండు మిల్లీమీటర్ల గాడి తీసి కుట్టు అందులో కూర్చోబెట్టాలి. గాడి లేకపోతే మూడు కిలోమీటర్ల తారుకి దారం అరిగి అట్ట నోరు తెరుస్తుంది.

ఇక కిర్రు. అది రెండు పొడి తోలు పొరలు రాసుకుంటే వచ్చే చప్పుడు. కాబట్టి నడిమి పొరను మడమ నుంచి పాదం మధ్యదాకా మాత్రమే వేసి, జిగురు అంచులకే పెట్టి, నడుమ ఖాళీగా వదిలెయ్. రబ్బరు సొల్యూషన్ అంతటా పూశావంటే చెప్పు మూగదైపోతుంది. ఆముదం కూడా వార్లకి, కింది అట్టకి మాత్రమే. సందులోకి దిగిందంటే మళ్ళీ చప్పుడు రాదు.

బుగ్గవంక (కడప)

మూడో ప్రశ్న నాకు వదిలెయ్యండి. రెక్సిన్ తెలిసిపోతుంది తమ్ముడూ, మడత పడ్డ చోట వెనక గుడ్డ కనపడుతుంది, ఫొటోలో ప్లాస్టిక్ మెరుపు కొడుతుంది. 2.5 మిల్లీమీటర్ల చెక్క తోలు, గరుకువైపు బయటికి పెట్టి కుట్టండి. వెడల్పు రెండు అంగుళాల పైచిల్లర. ఒకటి ఎడమ భుజం నుంచి కుడి తుంటికి, దానికి తూటాల పెట్టె. రెండోది కుడి భుజం నుంచి ఎడమ తుంటికి, దానికి బాయినెట్టు. రెండూ కలిసే చోట ఇత్తడి బిళ్ళ. స్టీలు బకిల్స్, నొక్కు బటన్లు తగిలించొద్దు.

పొడవు ఒక్కోటి 58 నుంచి 62 అంగుళాలు కావాలి, చిన్న తోళ్ళలో అంత పొడవు రాదు. రెండు ముక్కలు అతకండి. అతుకు తూటాల పెట్టె వెనక పడేలా చూసుకోండి, రెండు అంగుళాలు గీకి పలచన చేసి ఒకదానిమీద ఒకటి వేసి కుట్టాలి.

తెలుపుకి పెయింట్ వద్దు, మొదటి వంపుకే పగుళ్ళు వస్తాయి. చైనా క్లే (తెల్ల సుద్దమట్టి) 100 గ్రాములు, నీళ్ళు 150 మిల్లీలీటర్లు, తుమ్మజిగురు 5 గ్రాములు. స్పంజితో మూడు పలచని పూతలు, నీడలో ఆరబెట్టి, ఆరాక గుడ్డతో రుద్దడం. జిగురు ఎక్కువైతే పెచ్చులు లేస్తాయి, తక్కువైతే ఎర్రకోటంతా బూడిద పూసినట్టు అవుతుంది. ముందు చిన్న ముక్కమీద చూసుకోండి. నున్నని వైపు పూస్తే ఏ పాళ్ళలో కలిపినా నిలవదు. చెమటకి భుజం దగ్గర పోతుంది కాబట్టి ఊరేగింపు రోజు డబ్బా, స్పంజి వెంట ఉండాల్సిందే.

కేసీ కెనాల్ కుర్రోడు

అన్నలకి చాలా థ్యాంక్స్. ఆ ముక్క కాల్చి చూశా, బూడిద పచ్చగానే వచ్చింది. వదిలేశాం. లెక్క మారింది: కిర్రు 4, ఒంటి అట్ట 4, సిపాయి చెప్పులు 7. ఇంకో రెండు అనుమానాలు. తూటాల పెట్టెలు నల్లగా కావాలి, బూట్ పాలిష్ చాలా? మైదానంలో వేదిక ముందు నున్నటి బండలు ఉన్నాయి, కొత్త తోలు అట్ట జారదా?

ఆరె–రంపె

బూట్ పాలిష్ పైన కూర్చుంటుంది, చేతికి అంటుకుంటుంది. ఇనుముతో నలుపు చెయ్. లీటరు వెనిగర్‌లో నూనె తుడిచిన ఇనుప మేకులు 100 గ్రాములు వేసి వారం పది రోజులు ఉంచు. మూత వదులుగా పెట్టు, లోపల గ్యాసు పుడుతుంది, బిగిస్తే పగులుతుంది. ఇంకో గిన్నెలో లీటరు వేడినీళ్ళకి 50 గ్రాముల కరక్కాయ పొడి రాత్రంతా నానబెట్టి వడగట్టు. తోలుకి ముందు కరక్కాయ నీళ్ళు, తర్వాత ఇనుప నీళ్ళు. ఐదు నిమిషాల్లో నలుపు తిరుగుతుంది. పాతకాలం సిరాకి కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపిందీ, కలంకారీ నలుపుకి తుప్పు ఇనుము, బెల్లం నానేసేదీ ఇదే సూత్రం మీద. క్రోమ్ తోలు మీద కరక్కాయ లేకుండా ఇనుప నీళ్ళే పూస్తే సరిగా నల్లబడదు, అదీ ఒక పరీక్షే అనుకో.

ఆ తర్వాత లీటరు నీళ్ళకి ఒక చెంచా వంటసోడా కలిపి తుడిచెయ్, ఆరాక పలచగా ఆముదం. ఇది మరిచిపోతే పులుపు లోపలే ఉండి కొన్నాళ్ళకి తోలు పెళుసుబారి పగులుతుంది. ఇంకో జాగ్రత్త: చెక్క తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుప బేసిన్, తుప్పు కత్తెర దగ్గరికి రానీకు. తగిలిన చోటల్లా నీలినలుపు మచ్చ పడుతుంది, తెల్ల పట్టీల తోలుకి పడితే సుద్ద కింద నుంచి కూడా కనపడుతుంది. ప్లాస్టిక్ టబ్బు వాడు.

నల్లమల నీడ (ఆత్మకూరు)

జారడం ఖాయం. కింది అట్టని ఆకురాయితో అడ్డంగా గీతలు పడేట్టు గరుకు చెయ్యండి, ఆ తర్వాత ఇసక నేల మీద పావుగంట నడిపించండి. సగం సమస్య పోతుంది. వేదిక ముందు పరుగు, కత్తియుద్ధం ఉంటే నేను 2 మిల్లీమీటర్ల గోధుమరంగు రబ్బరు షీటు వేయిస్తా, అంచుకి నాలుగు మిల్లీమీటర్లు లోపలికి, పక్కనుంచి కనపడకుండా.

కొత్త చెప్పులు ఆ రోజే వేసుకుంటే కిలోమీటరుకే ఉంగటం కింద బొబ్బ. పది రోజుల ముందు నుంచి సాయంత్రం అరగంట వేసుకోవాలి. జతకి పెద్ద చెంచాడు ఆముదం, గోరువెచ్చగా, రెండు విడతలుగా, మధ్యలో ఒక రోజు ఎడం. అంతకంటే పోస్తే వారు జీడిలా సాగుతుంది, పంచె అంచుకి నూనె మరక.

గుత్తికోట మెట్లు

రబ్బరుకి నేను ఒప్పుకోను. కత్తియుద్ధంలో ఎవరో ఒకరు పడతారు, అట్ట కెమెరాకి ఎదురుగా తిరుగుతుంది. బండల మీద ఎర్రమట్టి చల్లించండి, జారదు, చూపుకీ బాగుంటుంది.

నల్లమల నీడ

మట్టి చల్లడానికి మైదానం వాళ్ళు ఒప్పుకుంటే మీ మాటే. ఒప్పుకోకపోతే కాళ్ళు ముఖ్యం అన్నా.

ఆరె–రంపె

కత్తి ఒరల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి: రెండు పలచటి చెక్క బద్దలు, పైన 1.2 మిల్లీమీటర్ల మేకతోలు తడిపి లాగి, కుట్టు వెనకవైపు వచ్చేట్టు. పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు, నీడలోనే. తడి ఒరలో కత్తి దూర్చొద్దు, తెల్లారేసరికి తుప్పు. ప్రదర్శన అయిపోయాక కూడా కత్తిని ఒరలో వదిలెయ్యకుండా నూనె రాసి గుడ్డలో చుట్టి విడిగా పెట్టండి. ఊనిన తోలులో పులుపు ఉంటుంది, ఇనుముని తినేస్తుంది, ఇత్తడికి పచ్చ చిలుము పట్టిస్తుంది.

కేసీ కెనాల్ కుర్రోడు

మట్టికి ఒప్పుకున్నారు, అయిపోయాక మేమే ఊడ్చాలంట. తోలు రేపు ఆర్డర్ పెడుతున్నాం: అట్టలకి, వార్లకి, పట్టీలకి వేరువేరుగా, వీపు భాగం అని రాయించుకుని.