‘తమ తమ నెలవులు దప్పిన’: ర్యాము పద్యం పూర్వార్ధం ఎవరికైనా గుర్తుందా?

అరసున్న: కంప్యూటర్ క్లాసులో క్యాబినెట్ మూత తీసి భాగాలు చూపిస్తూ మాస్టారు సుమతీ శతకం పద్యానికి పేరడీగా ఒక కందం చదివేవారు. రెండో సగమే నోట్లో ఆడుతోంది.

తమ తమ నెలవులు దప్పినఁ
దమ మెమరీ చిప్పులైన దండగ సుమతీ

మొదటి సగంలో ప్రాసెసర్ ఉంది, ‘కమలు’ అన్న మాట ఉంది. మిగతాది రావడం లేదు. అది ‘కమలును’నా, ‘కమిలిన’నా?

గసడదవ: ‘కమలు’ ఉండక తప్పదు, మూలంలో తామరలు కమిలేది అక్కడే కదా: నీటిని వీడిన తామరలు తమ ఆప్తుడైన సూర్యుడి వేడికే కమిలినట్టు, నెలవు తప్పితే మిత్రులే శత్రువులవుతారని. కానీ ముందు ఇది చూడండి. ‘దప్పిన’లో ద వేరు, ‘దమ’లో ద వేరు. మొదటిది గసడదవాదేశం (ప్రథమా విభక్తి మాట తర్వాత త ద కావడం), రెండోది ద్రుతం (మాట చివరి ‘న్’) మీద సరళాదేశం. అరసున్న పెట్టారు కాబట్టి బతికిపోయారు.

అరసున్న: పేరే అది పెట్టుకున్నాక మరిచిపోతానా!

పాత సీపీయూ: ‘నెలవులు’ కాదు, ‘నిలువలు’ అని విన్నట్టు గుర్తు. మెమరీ అంటే నిలవ ఉంచేదే కదా.

జగణం: నిలువలు తప్పడమేమిటండీ? అన్వయం ఎక్కడ? పైగా ర్యాములో నిలవ ఉండేదేముంది? ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో ఛార్జీగా ఉంటుంది, అది కారిపోతూనే ఉంటుంది. మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారైనా మళ్లీ నింపకపోతే అంతా మాయం. కరెంటు పోతే సరేసరి. డేటాకు నిలవ అంటే హార్డ్ డిస్కో, ఎస్‌ఎస్‌డీయో. ర్యాము విడిది మాత్రమే.

పాత సీపీయూ: విడిది అయితే ‘నెలవు’ కూడా కుదరదు మరి. నెలవంటే స్థిరంగా ఉండే చోటు.

జగణం: అక్కడ నెలవు డేటాది కాదు, ర్యాము కడ్డీది. స్లాటే దాని నెలవు. రెండు పక్కలా క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కకపోతే తెరమీద బొమ్మే రాదు, చాలా బోర్డులు బీప్ బీప్ అని ఏడుస్తాయి. ‘మిత్రులె శత్రులగుట’ అంటే అదే.

వేమన పక్షం: దీనికి సుమతి దాకా ఎందుకు? ‘అనువుగాని చోట’ చాలు. ర్యాములో రెండు తరాలైన డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పున సమానమే. కానీ మధ్యలో గాటు చోటు మారింది, ఒకదాని స్లాట్లో ఇంకోటి దిగదు. అనువు అంటే అది! వేమన మాటకు నిఘంటువు అక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. కొండ అద్దంలో కొంచెమైనట్టు, గదంత ఉన్న యంత్రం ఇప్పుడు గోటి మీద కూర్చుంటోంది.

గసడదవ: ఆటవెలది తర్వాత పాడుకుందాం, ఆయన అడిగింది కందం.

వేమన పక్షం: కందం రాసినవాళ్లకే గర్వం ఎందుకో!

బండిరా: మూలం దొరక్కపోతే పూరించేద్దాం. ఇదిగో:

కమలును ప్రాసెసరైనను
సమముగ పేస్టంటకున్న సలసల కాగున్

యతి, ప్రాస, ఆరో గణం చూసుకోండి.

గసడదవ: ‘కమలును ప్రా’ దగ్గర ఆగాను. పక్కన సంయుక్తాక్షరం ‘ప్రా’ ఉంది కాబట్టి ‘ను’ గురువవుతుందా, లఘువా? గురువైతే గణం చెడింది.

బండిరా: వేరే పదం. తేల్చి పలికితే లఘువే.

గసడదవ: ప్రాసెసర్‌ను తెలుగు మాట అంటారా, సంస్కృతమంటారా? సమాసం కాదు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను.

జగణం: నాకు ఛందస్సుతో పేచీ లేదు, వరసతో ఉంది. కమలడం ముందు, కాగడం తర్వాతా? కాగితేనే కదా కమిలేది! ఇంకోటి, పేస్టు చల్లబరచదు. ప్రాసెసర్ మూతకీ, దాని వేడిని లాగేసే లోహపు దిమ్మ హీట్‌సింక్‌కీ మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి ఉంటుంది, గాలి వేడిని సరిగా దాటనివ్వదు. పేస్టు ఆ గుంటల్ని నింపుతుందంతే. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లన అనుకుని వెన్నలా పట్టించేవాళ్లున్నారు.

పాత సీపీయూ: కమలడం అంటే కాలిపోవడమే కదా, ఇంత రాద్ధాంతమెందుకు?

జగణం: ముమ్మాటికీ కాదు. ఎండకు ముఖం కమిలింది అంటాం, దెబ్బకు చర్మం కమిలింది అంటాం. కళ తగ్గుతుంది, ప్రాణం పోదు. ఇప్పటి ప్రాసెసర్లకు అతికినట్టు సరిపోయే మాట అదే. చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 95–100 డిగ్రీల దగ్గర తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతాయి. 2000లో వచ్చిన పెంటియమ్ 4లోనే ఈ ఏర్పాటుంది. అది లేని కాలంలో అయితే మాడేవి.

బండిరా: పైగా మూలంలో తామరను కమల్చేది దాని ఆప్తుడే. ఇక్కడ ప్రాసెసర్‌ను కమల్చేది అది తాగే కరెంటే. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పెట్టె) ఇచ్చిన 12 వోల్టులను మదర్‌బోర్డు ఒక వోల్టు చుట్టుపక్కలకు దించి పోస్తుంది. తాగినదంతా చివరికి వేడే.

అరసున్న: ఆహా. కానీ బండిరా గారూ, ఇది మీ పూరణ. మాస్టారిది ‘సలసల’ కాదని మాత్రం చెప్పగలను.

వేమన పక్షం: ఆ ‘దండగ’ మాత్రం తప్పే. నాలుగు స్లాట్ల బోర్డుల్లో రెండు కడ్డీలు పెట్టేటప్పుడు, చాలావాటిలో ప్రాసెసర్ నుంచి 2, 4 పెట్టమంటారు. పక్కపక్కనే 1, 2లో పెట్టినా సాధారణంగా పనిచేస్తుంది, డేటా దారి ఒక్కటే తెరుచుకుంటుంది. నెలవు తప్పినా మిత్రులే, కాస్త బద్ధకస్తులు.

పాత సీపీయూ: ఇంతకీ సుమతిలో ‘శత్రులగుట’నా, ‘శత్రులౌట’నా? ఒక్కొక్కరూ ఒక్కోలా చదువుతున్నారు.

గసడదవ: ఆరో గణం. ‘అగుట’ అంటే నలం (నాలుగూ లఘువులే), ‘ఔట’ అంటే జగణం (మధ్యలో గురువు, అటూ ఇటూ లఘువులు). కందంలో అక్కడ రెండూ చెల్లుతాయి.

జగణం: చెల్లడం వేరు, నడవడం వేరు. ‘ఔట’ అని చదివి చూడండి, ఆ ఊపు ‘అగుట’లో ఎక్కడుంది?

గసడదవ: పేరు జగణం పెట్టుకున్నవారు ఇంకేమంటారు లెండి.