కౌలు రైతుల సంస్థకి అడ్వొకసీ కన్సల్టెంట్ అవసరమా? ఐదు లక్షలు అడుగుతున్నారు

గుండ్లకమ్మ_ఒడ్డు:

మాది ప్రకాశం జిల్లాలో చిన్న సొసైటీ. కౌలు రైతులతో, ఒంటరి మహిళలతో పనిచేస్తాం. కౌలు కార్డులు ఇప్పించడం, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పేర్లు ఎక్కించడం, ఆత్మహత్య జరిగిన ఇంటికి పరిహారం ఫైలు నడిపించడం, ఇవీ రోజూ చేసే పనులు. ఈ ఏడాది నిధులిచ్చే సంస్థవాళ్లు ఒక మాటన్నారు. మీ సేవలు బాగున్నాయి, కానీ విధానాల మార్పు మీద పని (అడ్వొకసీ) కనపడటం లేదు, ఒక స్ట్రాటజీ కన్సల్టెంట్‌ని పెట్టుకోండి అని. బడ్జెట్‌లో దానికో పద్దు కూడా రాయించారు.

హైదరాబాద్ నుంచి ఒక సంస్థ ప్రపోజల్ పంపింది. ఐదు లక్షలు, జీఎస్టీ అదనం. రెండు రోజుల వర్క్‌షాప్, థియరీ ఆఫ్ చేంజ్ (మార్పు ఎలా వస్తుందో రాసే కాగితం), స్టేక్‌హోల్డర్ మ్యాపింగ్ (ఈ విషయంతో ఎవరెవరికి సంబంధం ఉందో చూపే పట్టిక), మూడేళ్ల ప్రణాళిక పుస్తకం, చివర్లో ఒక పాలసీ బ్రీఫ్ (ప్రభుత్వానికిచ్చే చిన్న సిఫార్సుల పత్రం). అన్నీ ఇంగ్లీషులోనే. ఆ డబ్బుతో ఇద్దరు ఫీల్డ్ వర్కర్లని ఏడాది పొడవునా పెట్టుకోవచ్చు.

మా అధ్యక్షుడు గారు "మన ఊళ్ల సంగతి వాళ్లొచ్చి మనకి చెప్పేదేంటి" అంటున్నారు. కుర్రాళ్లేమో పెట్టుకుందాం అంటున్నారు. నాకు తేలడం లేదు. పెట్టుకుంటే వాళ్లని ఏం అడగాలి? ఇంకో టెన్షన్ కూడా ఉంది. మాకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ నిధులు తీసుకునే అనుమతి) ఉంది. అడ్వొకసీ అని కాగితం మీద రాస్తే ఇబ్బంది అవుతుందా? ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి.

సింహపురి_చిన్నోడు:

మీ అధ్యక్షుడు గారిదే కరెక్టు. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం నడిపిన రోశమ్మ గారికి ఏ కన్సల్టెంట్ పుస్తకం రాసిచ్చాడు? ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995కి సంపూర్ణ మద్యనిషేధం. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 నుంచి ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టి, 1996లో బ్యావర్‌లో ధర్నాకి కూర్చుంటే అది 2005లో సమాచార హక్కు చట్టం దాకా వెళ్లింది. వాళ్లు విదేశీ నిధులు ముట్టరు. జనం ఉంటే చాలు, పవర్‌పాయింట్లు ఎందుకు?

బల్లకి_ఇటువైపు:

నేను కొన్నేళ్లు పెద్ద సంస్థలో పనిచేసి, తర్వాత చిన్న సంస్థలకి ఇదే పని ఫీజు తీసుకుని చేశాను. కాబట్టి నా మాటలో కాస్త స్వార్థం ఉందనుకునే చదవండి.

ముందు చిన్నోడు గారికి. దూబగుంట మంచి ఉదాహరణే, కానీ మీరు సగమే చెప్పారు. దానికి ముందు నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో చదువుకునే పాఠాల్లోనే సారా గురించి చర్చ ఉంది. ఆ పాఠం ఎవరో కూర్చుని, ఆలోచించి రాశారు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ ఆడవాళ్లు కొట్టు ముందు కూర్చోవడంతో ఆగలేదు. జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా అడ్డుపడ్డారు. ప్రభుత్వానికి డబ్బు చేతికొచ్చేది అక్కడే. కలెక్టరు వేలం జరపలేకపోతే ఆ వార్త ఆ రోజే హైదరాబాద్ చేరుతుంది. ఏ చోట పట్టుకుంటే పైన కదులుతుందో వాళ్లకి తెలుసు. స్ట్రాటజీ అంటే నాకు తెలిసి అంతే. ఈ లెక్క తెలిసినవాళ్లు మీలోనే ఉంటే ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.

ఇప్పుడు గుండ్లకమ్మ గారికి. మీ కోరిక ఏంటో ఒక్క వాక్యంలో రాయండి. "కౌలు రైతుల హక్కులు కాపాడాలి" అని రాస్తే అది బ్యానర్‌కి పనికొస్తుంది, అధికారి బల్ల మీద పెట్టడానికి పనికిరాదు. ఎవరు, ఏ కాగితం మీద, ఎప్పటిలోగా సంతకం చేస్తే మీ పని అవుతుంది? అది కావాలి.

మీరు చెప్పిన పనుల్నే తీసుకుందాం. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకుని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. యజమాని పెట్టడు. ఈ షరతు మారాలంటే శాసనసభలో మారాలి. కౌలు చట్టం మీద రాష్ట్రంలో ఎప్పటినుంచో పోరాడుతున్న సంఘాలు, వేదికలు ఉన్నాయి. ఈ విషయంలో మీ ఒక్క సొసైటీ చేయగలిగింది వాళ్లకి సాక్ష్యాలు అందించడం. దీనికోసం మీరు విడిగా పాలసీ బ్రీఫ్ అచ్చేయించుకోవడం దండగ.

కార్డు వచ్చినా బ్యాంకు అప్పు ఇవ్వడం లేదా? అప్పుడు మీరు కలవాల్సిన మనిషి ఎమ్మెల్యే కాదు, జిల్లాలో బ్యాంకుల రుణాలని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు జిల్లా మేనేజరు. కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్లతో జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీ, ఆ పైన రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ, ఇవీ మీ చోట్లు. వార్షిక రుణ ప్రణాళిక ఏప్రిల్‌కి ముందే తయారైపోతుంది. దానికి ఆధారం అంతకుముందు నాబార్డు తయారుచేసే జిల్లా ప్లాను. మీరు జూన్‌లో వినతిపత్రం ఇస్తే నవ్వుతూ తీసుకుని ఫైల్లో పెడతారు. కౌలు రైతులకి ఎంతమందికి ఎంత అప్పు ఇచ్చారని శాఖలవారీగా సమాచార హక్కు కింద ముందే అడిగి, ఆ లెక్కతో ఆ మీటింగ్ ముందు కలెక్టరుని కలిస్తే కథ వేరు.

ఈ-క్రాప్‌లో పేరు ఎక్కడం లేదా? అది రైతు సేవా కేంద్రం పని. సీజన్‌లో నమోదు గడువు దాటితే కొనుగోలు, పంట నష్టం సాయం అన్నీ యజమాని పేరు మీదకే పోతాయి. ఆత్మహత్య పరిహారమా? 2004 నాటి జీవో 421 ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు (ఏడీఏ) ముగ్గురూ కలిసి విచారించాలి. కౌలు రైతు ఇంట్లో కౌలు కాగితం, అప్పు కాగితం చూపించలేక ఫైలు ఆగుతుంది. కాబట్టి ముందు చేయాల్సిన పని ఆర్డీవో ఆఫీసులో.

చూశారా, అధికారి వేరు, క్యాలెండర్ వేరు, కావలసిన సాక్ష్యం వేరు. మీ చేతిలో ఉన్న మనుషులతో వీటిలో రెండు మాత్రమే చేయగలరు. మంచి కన్సల్టెంట్ మీతో మిగతా రెండూ వదిలించాలి. నేనైతే ప్రపోజల్ పంపినవాళ్లని మొదట అడిగేది ఇదే: "ఇంతకుముందు ఏ సంస్థకైనా, ఈ కోరిక వదిలేయండి అని చెప్పారా? ఎందుకు?" జవాబు లేకపోతే వాళ్లు టెంప్లేటు అమ్ముతున్నారని అర్థం.

రెండోది, వాళ్లు అదే సమయంలో వ్యవసాయశాఖకో, విత్తన కంపెనీకో పనిచేస్తున్నారేమో రాతపూర్వకంగా అడగండి. పొద్దున డిపార్ట్‌మెంట్ ప్రాజెక్టు నివేదిక రాసి, సాయంత్రం మీకు ఆ డిపార్ట్‌మెంట్‌ని నిలదీసే ప్లాన్ రాసేవాళ్లు ఉన్నారు. నేను చూశాను. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, మీ ప్లాన్‌కి మాత్రం పదును ఉండదు.

మూడోది భాష. పుస్తకం ఇంగ్లీషులో ఉంటే అది మీ ఫండర్ కోసం రాసింది, మీ సభ్యుల కోసం కాదు. కలెక్టరు ముందు మాట్లాడేది మీ కౌలు రైతమ్మే కావాలి. కన్సల్టెంట్ మాట్లాడతానంటే వద్దనండి. ఆవిడ సొంతంగా మూడు నిమిషాలు మాట్లాడగలిగేలా తయారుచేయడమే వాళ్ల పని అని ఒప్పందంలో రాయండి.

ఐదు లక్షల మాటకొస్తే, ఆ పుస్తకం వద్దు. నెలకి రెండు మూడు రోజులు చొప్పున ఒక ఖరీఫ్, ఒక రబీ మీతో ఉండమనండి. డబ్బు ఒకేసారి ఇవ్వకండి, పని జరిగిన కొద్దీ ఇవ్వండి. ఫండర్ ఒప్పుకోరేమో అనుకోకండి, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడిగేవాళ్లే తక్కువ.

పద్దుల_పట్టిక:

నేను స్వచ్ఛంద సంస్థల ఆడిట్లు చేస్తాను. ఎఫ్‌సీఆర్‌ఏ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

2020 సవరణ తర్వాత విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు 50 ఉండేది. న్యాయ, వృత్తి నిపుణుల ఫీజులు నిబంధనల్లో పరిపాలన ఖర్చు కిందే ఉన్నాయి. విదేశీ నిధుల్లోంచి ఐదు లక్షలు కన్సల్టెంట్‌కి ఇస్తే మీ ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతంతో కలిపి 20 దాటుతుందేమో ముందు లెక్క చూసుకోండి. చిన్న సంస్థలు ఇక్కడే చిక్కుకుంటాయి. పై జీఎస్టీ 18 శాతం మీకు తిరిగి రాదు, అది కూడా ఖర్చే. టీడీఎస్ పది శాతం మీరు కోసి కట్టాలి.

ఇంకోటి, బల్లకి_ఇటువైపు గారు చెప్పిన వేదికలతో కలిసి పనిచేయండి కానీ విదేశీ నిధులు వాళ్ల ఖాతాకి బదిలీ చేయకండి. 2020 నుంచి అది నిషేధం, వాళ్లకి ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే.

అడ్వొకసీ అనే మాటకి భయపడకండి. బంద్, రాస్తారోకో లాంటివి చేసే సంస్థల్ని రాజకీయ స్వభావం ఉన్నవిగా ప్రకటించే నిబంధన ఒకటుంది. 2020 మార్చిలో ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు, పార్టీ రాజకీయాలతో సంబంధం లేని సంస్థలకి అది వర్తించదని చెప్పింది. కలెక్టరుకి అర్జీ ఇవ్వడం, బ్యాంకర్ల మీటింగ్‌లో లెక్కలు చూపించడం ఏ రకంగానూ పార్టీ రాజకీయం కాదు. ఎన్నికలప్పుడు అభ్యర్థితో వేదిక ఎక్కడం, కరపత్రంలో పార్టీ పేరు రాయడం మాత్రం చేయకండి. పని ఒకటి చేసి రిపోర్టులో ఇంకోటి రాయడం అన్నిటికంటే ప్రమాదం. చేసిందే రాయండి.

గుండ్లకమ్మ_ఒడ్డు:

అందరికీ ధన్యవాదాలు. 20 శాతం లెక్క ఇప్పుడే చూశాం, మొత్తం ఇస్తే దాటుతోంది. ఆ ఒక్క మాటకే ఈ ప్రశ్న అడగడం మంచిదైంది. తెలుగులో ఇవ్వమని హైదరాబాద్ వాళ్లని అడిగితే అనువాదానికి విడిగా కొటేషన్ పంపారు. ఇక చెప్పేదేముంది.

ఈ-క్రాప్, బ్యాంకు అప్పు, ఈ రెండూ పెట్టుకుందాం అని మా కుర్రాళ్లు కూడా అంటున్నారు. కానీ ఒక సంగతి మొదట్లో రాయలేదు. మా కార్యవర్గంలో ఇద్దరు పొలాలు కౌలుకి ఇచ్చేవాళ్లే. మంచివాళ్లు, పాతికేళ్ల నుంచి సంస్థకి అండ. కౌలు కార్డుల ప్రస్తావన వస్తే మాత్రం మాట మార్చేస్తారు. అధ్యక్షుడు గారి అయిష్టం కూడా వాళ్ల గురించేనేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది. వాళ్లని పక్కన పెట్టి ముందుకెళ్లాలా?

బల్లకి_ఇటువైపు:

అస్సలు వద్దు. మీకు దొరికిన అన్నిటికంటే మంచి అవకాశం ఆ ఇద్దరే. కార్డు మీద సంతకం పెడితే భూమి పోతుందని ప్రతి ఊళ్లో యజమానుల భయం. చట్టంలో ఆ కార్డు పంట మీద హక్కే ఇస్తుంది, భూమి మీద ఇవ్వదు. కానీ అది మీరు చెప్తే నమ్మరు, వీఆర్వో చెప్తే నమ్మరు. సంతకం పెట్టిన ఇంకో యజమాని, "పదకొండు నెలలు అయిపోయాయి, నా పొలం నా పేరు మీదే ఉంది, ఇదిగో అడంగల్" అని చూపిస్తే నమ్ముతారు.

కాబట్టి ఏ కన్సల్టెంట్‌నీ పిలవకముందు ఆ ఇద్దరి ఇళ్లకి వెళ్లండి. అధ్యక్షుడు గారిని వెంట తీసుకెళ్లండి. మీటింగ్‌లో అడగకండి, నలుగురిలో అడిగితే మొహమాటానికి ఊ అని తర్వాత ఆపేస్తారు. వాళ్ల పొలం చేస్తున్న కౌలు రైతుల కార్డులు ఈ సీజన్‌లోనే రాయించమని అడగండి. ఒప్పుకుంటే, ఆ తర్వాత మీ మండలంలో మిగతా యజమానులతో మాట్లాడే పని కూడా వాళ్లకే అప్పజెప్పండి. ఒప్పుకోకపోతే ఎందుకో పూర్తిగా వినండి. మీ మొదటి స్ట్రాటజీ కాగితంలో రాయాల్సింది ఆ కారణాలే. నన్ను అడిగితే ఈ పనికి ఫీజు ఏమీ లేదు, కాఫీ వాళ్లే ఇస్తారు.

సింహపురి_చిన్నోడు:

బల్లకి_ఇటువైపు గారూ, వేలంపాటల సంగతి మా నాయనమ్మని అడిగాను. నిజమేనట, ఆవిడా వెళ్లిందట. ఆ రాత్రి బడి పుస్తకం ఇంకా అటక మీద ఉందంటోంది, దొరికితే ఫోటో పెడతా.