ఆదివారం సమస్య: మద్యమే విషమ్ము మాన్పు మందు

నిర్వాహకుడు, కడప:
అందరికీ నమస్కారం. పోయిన వారం కందంలో సమస్య ఇస్తే సగం మంది పారిపోయారు. అందుకే ఈ వారం ఆటవెలది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మనకు దూరం కాదు, ఆయన ఛందస్సుకు మనం భయపడితే బాగుండదు. సమస్య ఇది:

మద్యమే విషమ్ము మాన్పు మందు

నాలుగో పాదంగా ఇదే రావాలి. మద్య, మేవి, షమ్ము, మాన్పు, మందు. ఐదూ గలాలే, అంటే ఒక గురువు, ఒక లఘువు. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) మ-మా. పై మూడు పాదాలు మీవి. ఒక్క షరతు: ఈసారి పూరణ రసాయన శాస్త్రం మీద నిలబడాలి. ఆల్కహాల్ కుటుంబంలో ఏ సభ్యుణ్ణయినా తీసుకోండి. తాగుబోతు మీద జోకులు రాసి చేతులు దులుపుకోవద్దు.

బీఎస్సీ రెండో ఏడు, అనంతపురం:
సార్, మొదటి పూరణ నాదే. టెన్షన్‌గా ఉంది, తిట్టొద్దు.

గాయమైన చోట దూదితో నద్దిన
స్పిరిటుతోడఁ జచ్చుఁ జిన్న క్రిములు
నీటి పాలు లేక నెగ్గదు స్పిరిటైన
మద్యమే విషమ్ము మాన్పు మందు

నిర్వాహకుడు, కడప:
గణాలు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి, సంతోషం. మొదటి పాదంలో యతి మాత్రం లేదు నాయనా. 'గా' ఎక్కడ, 'దూ' ఎక్కడ? ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, అనుకుందామన్నా అవి య, ది అయ్యాయి. రెండో పాదంలో స్పి-జి చెల్లుతుంది, సంయుక్తాక్షరంలో సకారానికి జకారంతో యతి ఉంది. మొదటి పాదం ఇలా మార్చి చూడు:

గాయమైన చోటఁ గాటుగా నద్దిన

స్పిరిట్ పెడితే చుర్రుమంటుంది కదా, 'గాటుగా' అనే మాట అక్కడ ఊరికే కూర్చోలేదు.

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
మూడో పాదం రాసినందుకు ఈ పిల్లవాడికి నా తరఫున పది మార్కులు. నీళ్లు కలపని స్పిరిట్ బలంగా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. 95 శాతం ఆల్కహాల్ క్రిమి పైపొరలోని ప్రోటీన్‌ను చటుక్కున గడ్డకట్టిస్తుంది, ఆ గడ్డే గోడలా అడ్డు నిలుస్తుంది. 70 శాతం అయితే నీటితో పాటు మెల్లగా లోపలికి దిగి పని పూర్తి చేస్తుంది. 'నీటి పాలు లేక నెగ్గదు' అనేది నాలుగు మాటల్లో పాఠం.

ఒక్క అభ్యంతరం ఉంది. మందుల షాపులో స్పిరిట్ అని ఇచ్చేది తరచుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ప్రొపేన్-2-ఓల్. కాకపోతే తాగడానికి పనికిరాకుండా చేసిన ఇథనాల్. దాన్ని మద్యం అనొచ్చా? మద్యం అంటే ఇథనాల్ ఒక్కటే. ఆల్కహాల్ అనేది ఇంటిపేరు. ఆల్కేన్ పేరు చివర 'ఓల్' తగిలిస్తే ఆ ఇంటి మనిషి అవుతాడు: మీథేన్ మెథనాల్ అయింది, ఈథేన్ ఇథనాల్ అయింది. పుదీనాలో మెంథాల్, మన రక్తంలో కొలెస్ట్రాల్ కూడా ఆ ఇంటివాళ్లే. వాళ్లను మద్యం అంటే కొట్టడానికి వస్తారు.

బీఎస్సీ రెండో ఏడు, అనంతపురం:
అయితే నా పద్యం పోయినట్టేనా సార్?

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
పోలేదప్పా. స్పిరిట్ అంటే ఇథనాల్ అని అర్థం చేసుకుంటాంలే. ఇక నా పూరణ:

కట్టెసార త్రాగి కన్నులు మసకైన
వాని సిరలలోన వైద్యుఁ డిడియె
శుద్ధమైన సార; చొచ్చె నెంజైమును;
మద్యమే విషమ్ము మాన్పు మందు

కట్టెసార అంటే మెథనాల్. వెనకటికి గాలి తగలకుండా కట్టెలను కాల్చి, వచ్చిన ఆవిరిని చల్లార్చి తీసేవాళ్లు, ఇంగ్లీషువాళ్లు వుడ్ స్పిరిట్ అన్నారు. దానికి ఒక కార్బన్, ఇథనాల్‌కు రెండు. వాసనలోనూ రుచిలోనూ పెద్ద తేడా ఉండదు, అందుకే కల్తీ సారాలో కలిసినా తాగేవాడికి తెలియదు. మెథనాల్ నేరుగా చంపదు. కాలేయంలో ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, తర్వాత అది ఫార్మిక్ ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని కొడుతుంది. ఇథనాల్ ఎక్కిస్తే ఎంజైము మెథనాల్‌ను వదిలి దీన్ని పట్టుకుంటుంది, దీనిమీదే దానికి మక్కువ ఎక్కువ. ఈలోగా మెథనాల్ మారకుండానే ఒంట్లోంచి బయటికి పోతుంది. పద్యంలో గణం తప్పితే చెవికి ఇబ్బంది, ఇక్కడ ఒక్క కార్బన్ తప్పితే కళ్లు పోతాయి.

నిర్వాహకుడు, కడప:
సమస్యను ఎదురుగా నిలబడి కొట్టిన పూరణ ఇదే. విషం ఉంది, మద్యం ఉంది, మందు ఉంది, మూడూ అసలు అర్థంలోనే ఉన్నాయి. 'సారా'ను 'సార' అని కుదించారు, ఆటవెలదిలో ఆ మాత్రం చనువు ఇస్తాం. 'సార త్రాగి' దగ్గర ర గురువు కాదా అని ఎవరైనా అడగొచ్చు. 'త్రాగి' విడి తెలుగు మాట కాబట్టి ముందున్న 'ర' లఘువుగానే ఉంటుంది.

నర్సమ్మ, కడప:
మాష్టారూ, పద్యం బాగుంది కానీ మూడో పాదం వార్డులో ఒప్పుకోరు. శుద్ధమైన సారను నేరుగా సిరలోకి ఎవరూ ఎక్కించరండీ, నరం మాడిపోతుంది. గ్లూకోజు నీళ్లలో పది శాతం దాకా పలచన చేసి, బొట్లు లెక్కపెట్టి ఎక్కిస్తారు. గంట గంటకూ రక్తం పరీక్ష చేస్తూ కూర్చోవాలి. ఇప్పుడు ఫోమెపిజోల్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది, అది అదే ఎంజైమును ఆపుతుంది, మత్తు ఉండదు. విషం ఎక్కువైతే డయాలసిస్ తప్పదు. ఇది చదివి ఎవరూ ఇంట్లో క్వార్టర్ బాటిల్‌తో వైద్యం మొదలుపెట్టొద్దు. కల్తీది తాగారని అనుమానం వస్తే, చూపు మసకబారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
తప్పు ఒప్పుకుంటున్నానమ్మా. 'శుద్ధమైన' తీసేస్తున్నా. ఇది చూడండి:

చుక్క లెక్క సార చొచ్చె నెంజైమును

యతి చు-చొ.

నర్సమ్మ, కడప:
చుక్క లెక్క! డ్రిప్ ఎక్కించడమంటే అదేగా. ఇప్పుడు సంతకం పెడతా.

నిర్వాహకుడు, కడప:
నాకు పద్యం కన్నా ఈ దిద్దుబాటు ఎక్కువ నచ్చింది. 'శుద్ధమైన' అనేది గణం నింపడానికి వచ్చిన విశేషణం, 'చుక్క లెక్క' చూసినవాళ్లు చెప్పిన మాట.

బీఎస్సీ రెండో ఏడు, అనంతపురం:
'మసకైన' అనగానే నాకు ఆల్కహాల్ ఏ రకమో తేల్చే ల్యూకాస్ పరీక్ష గుర్తొచ్చింది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింక్ క్లోరైడ్ కలిపి ఆల్కహాల్‌కు పోస్తే, టెర్షియరీది వెంటనే మసకబారుతుంది, సెకండరీది ఐదు నిమిషాల్లో, ప్రైమరీది వేడి చేస్తే తప్ప కదలదు. ప్రాక్టికల్ పరీక్షలో నాకు వచ్చినది ఎంతసేపు చూసినా తేటగానే ఉంది. ప్రైమరీ అని రాసేశా. తీరా చూస్తే నేను ఆమ్లమే పోయలేదు.

ఆయుర్వేదం కొట్టు, ప్రొద్దుటూరు:
మా కొట్టులో అరలు చూస్తూ రాసినది:

ద్రాక్ష పులిసి మారె ద్రావకమ్మై తాను
మూలికల గుణమ్ము ముంచి తీసె
పేరరిష్టమైనఁ బీడల నణఁచును
మద్యమే విషమ్ము మాన్పు మందు

మూలికలను కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం. బెల్లం, ధాతకీ పువ్వులు వేసి కుండ మూత బిగిస్తాం. ఆల్కహాల్ బయటినుంచి కలపం, లోపలే పుడుతుంది.

నిర్వాహకుడు, కడప:
'పేరరిష్టమైన' దగ్గర శ్లేష బ్రహ్మాండం. అరిష్టం అంటే కీడు, అదే మందు పేరు. కానీ అన్నా, విషం ఎక్కడుంది? మూడో పాదంలో పీడలు అన్నారు, నాలుగో పాదంలో హఠాత్తుగా విషం దిగింది. సమస్యలో ఉన్న మాటకు పై పాదాల్లో చోటు చూపించకపోతే అది పూరణ కాదు, పక్కన కూర్చోబెట్టడం.

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
'ముంచి తీసె' మాత్రం శాస్త్రానికి దగ్గరగా ఉంది. ఆల్కహాల్ అణువుకు రెండు స్వభావాలు. ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) వైపు నీటితో చేయి కలుపుతుంది, కార్బన్ తోక నూనె వైపు లాగుతుంది. అందుకే నీళ్లలో దిగని మూలికా సారం కూడా ఇందులోకి దిగుతుంది. మెథనాల్, ఇథనాల్, ప్రొపనాల్ నీళ్లలో ఎంత పోసినా కలిసిపోతాయి, బ్యుటనాల్ దగ్గర తోక గెలవడం మొదలవుతుంది, కొంతే కరుగుతుంది. ఆ ఓహెచ్ బలం ఎంతో చూడాలంటే ఒక పోలిక: ఇథనాల్‌లోనూ డైమిథైల్ ఈథర్‌లోనూ ఉన్నవి అవే రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ ఈథర్ సున్నాకు 24 డిగ్రీల కిందే మరిగిపోతుంది. అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధంతో పట్టుకోవడమే ఇథనాల్‌లోని తేడా.

మెకానిక్, ఆదోని:
నాకు చదువు తక్కువ. గణాలు మా అన్న కూతురు చూసిపెట్టింది.

తీపి చూసి త్రాగెఁ దెలియక కూలెంటు
కుక్కపిల్ల యొకటి కూలఁబడియె
పశుల వైద్యుఁ డడిగె బ్రాంది తెమ్మని వేగ
మద్యమే విషమ్ము మాన్పు మందు

నిజంగా జరిగింది కాదు, ఊహే. కానీ షెడ్డులో కూలెంట్ కింద పడితే కుక్కలు నాకడానికి వస్తాయి, అది మాత్రం నిజం. తియ్యగా ఉంటాదంట.

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
చదువు తక్కువ అని ఎవరన్నారు సామీ? ఇది ఎవరికీ తట్టని పూరణ. కూలెంట్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, పద్ధతి ప్రకారం ఈథేన్-1,2-డైఓల్. ఓహెచ్‌లు రెండు, పట్టు రెట్టింపు, అందుకే 197 డిగ్రీల దాకా మరగదు. చలి దేశాల్లో అది రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టకుండా చూస్తుంది, మన ఎండల్లో తొందరగా మరగకుండా చూస్తుంది. కడుపులోకి పోతే మళ్లీ అదే ఎంజైము దాన్ని మార్చడం మొదలుపెడుతుంది, చివరికి అది ఆక్సాలిక్ ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లం కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలై కూర్చుంటుంది. విరుగుడుగా ఇథనాల్ వాడడం పశువైద్యంలోనూ ఉంది, బ్రాందీ సీసాతో కాదనుకోండి.

ఎమ్మిగనూరు అక్క:
తాగుబోతు జోకులు వద్దన్నారు కానీ నాకు అదే వచ్చింది. తీసేయాలంటే తీసేయండి.

జ్వరము వచ్చె ననుచు సంతలో మా మామ
సీసఁ బట్టి నిలిచె సిగ్గు లేక
చీపు రత్త కిచ్చి చెప్పితి నొక మాట
మద్యమే విషమ్ము, మాన్పు మందు

నిర్వాహకుడు, కడప:
అక్కా, నేను పెట్టిన షరతు నేనే వెనక్కి తీసుకుంటున్నా. 'విషమ్ము' దగ్గర విరిచారు! మద్యం విషమేనట, ఆ మందు మాన్పించమని అత్తతో చెబుతున్నారు. సమస్య ఒక్క అక్షరం కదలలేదు, అర్థం మొత్తం తలకిందులైంది. పైగా 'మాన్పు' అనే మాట ఇక్కడే సరిగ్గా అతికింది. మామతోనే అంటే 'మాను' అనాలి, అత్తతో అన్నారు కాబట్టి 'మాన్పు'. చీపురు చేతులు మారడం వ్యాకరణం కోసమే అయినా కథకూ పనికొచ్చింది. ఈ వారం విరుపు బహుమతి మీదే. శాస్త్రానికి మాష్టారు, కొత్త చూపుకు ఆదోని.

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
ఒప్పుకున్నాం. పిల్లలు పడుకునేలోపు నేనొక సమస్య ఇస్తున్నా, అదీ ఆటవెలదే:

నీరు తీసివేయ నిప్పు దొరకె

బీఎస్సీ రెండో ఏడు, అనంతపురం:
ఇది మా సిలబస్‌లోదే సార్!

ఆల్కహాలుఁ గాచ నామ్లమ్ముతోఁ గూడ
నూటడెబ్బదింట నురుగు కట్టి
ఎగసి వచ్చె వాయు వీథీను మండుచు
నీరు తీసివేయ నిప్పు దొరకె

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 170 డిగ్రీలు, నీటి అణువు పోయి ఈథీన్ వచ్చింది. అంతా సరే. కానీ 'మండుచు' ఎందుకు వచ్చింది? దానంతట అది మండదు, పుల్ల గీసి పెడితే మండుతుంది. నువ్వు రాసినట్టయితే ల్యాబ్ తగలబడుతుంది.

బీఎస్సీ రెండో ఏడు, అనంతపురం:
'వీథీను మంటకు' అంటే?

నిర్వాహకుడు, కడప:
గణం అదే, భగణం (ఒక గురువు, రెండు లఘువులు). ఖాయం చేసుకో. ఈసారి యతులన్నీ కూడా నిలబడ్డాయి.

కెమిస్ట్రీ మాష్టారు, కర్నూలు:
140 దగ్గరే మంట తగ్గించి ఉంటే రెండు ఇథనాల్ అణువుల మధ్య నుంచి ఒక నీటి అణువు పోయి డైఇథైల్ ఈథర్ వచ్చేది. 1846లో బోస్టన్‌లో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చి చూపించింది దానితోనే. దాని మీద ఎవరైనా రాస్తారా?

ఎమ్మిగనూరు అక్క:
రేపు చూద్దాం మాష్టారూ. మా అత్తమ్మ ఈ పద్యం చదివించుకుని, చీపురు ఇంకా కింద పెట్టలేదు.