ఒకే ప్రోటీన్ వెన్నుపాములో ఒకలా, రెక్కలో ఇంకోలా ఎలా పనిచేస్తుంది?

అందరికీ నమస్కారం. మాది అనపర్తి దగ్గర పల్లెటూరు, చుట్టూ కోళ్ల ఫారాలే. డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను.

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది కదా, రెండో రోజుకే పిండంలో నాడీనాళం (తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం) మూసుకోవడం మొదలవుతుంది. దాని కిందున్న నోటోకార్డ్ అనే కడ్డీలాంటి భాగం నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ వస్తుంది. అది బాగా ఎక్కువ అందిన చోట ఫ్లోర్ ప్లేట్ (నాళం అడుగు భాగం), కాస్త తగ్గిన చోట కండరాలను కదిలించే మోటార్ న్యూరాన్లు ఏర్పడతాయి. ఇంతవరకు అర్థమైంది, చాలా అద్భుతంగా అనిపించింది.

కానీ ఇదే ప్రోటీన్ రెక్కగా పెరిగే మొగ్గలో వెనకవైపు నుంచి వచ్చి వేళ్ల వరుసను నిర్ణయిస్తుంది. సిగ్నల్ ఒకటే అయినప్పుడు ఇక్కడ న్యూరాన్, అక్కడ వేలు అని కణాలకు ఎలా తెలుస్తుంది? డీఎన్‌ఏలో ముందే తెరుచుకుని ఉన్న భాగాలు వేరు కావడం వల్లేనా? ఇందులో, ఈ సిగ్నల్‌ను జన్యువుల దాకా చేర్చే గ్లి ప్రోటీన్లు ఏం చేస్తాయో తెలిసినవాళ్లు కాస్త తెలుగులో వివరించగలరా?